గొడుగు కింద తెట్టుపాలెం

నమోదు 311. సోమవారం

నీళ్ళ వంతు ఈ ఉదయం ఆలస్యంగా వచ్చింది. బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు, గిన్నెలు కడిగిన నీళ్ళతో తుడుపు గుడ్డ, ఆపైన మిగిలింది వడగట్టి, మళ్ళీ శుద్ధికి పంపే తిరుగు తొట్టెలోకి. ఈ వరస తప్పితే మా అంతస్తంతా కబురు పాకుతుంది. పని అయ్యాక మా అమ్మాయి కుసుమ పాదాలకు నూనె రాశాను. ఎనిమిదేళ్ళ పిల్ల పాదాలు ఇంకా అరచేతుల్లాగే మెత్తగా ఉన్నాయి. పుట్టినప్పటి నుంచీ నున్నటి గచ్చు పలకల మీదే నడక. ఎగుడుదిగుడు తెలియని కాళ్ళు. ఒక్క పలక కాస్త లేచి ఉంటే చాలు, పడిపోతుంది. బడి నిండా అలాంటి పిల్లలే. రోజూ కాసేపు మట్టి నేల మీద నడిపించమని డాక్టర్ చీటీ రాసిచ్చి, తనే ఇబ్బందిగా నవ్వాడు. మెరకపట్నంలో మట్టి నేల ఎక్కడుందని?

ఒక్క చోట ఉంది. ఇవాళ కౌన్సిల్ మాట్లాడింది దాని గురించే.

నేను ఈ నగరానికి మట్టి పరీక్షాధికారిని. ఆ మాట విన్న కొత్తవాళ్ళు నవ్వుతారు. నవ్వరా మరి? నేను రోజూ చూసేది కూరగాయల అంతస్తుల్లో ట్రేలకెత్తే ఫ్యాక్టరీ మట్టిని. యూనివర్సిటీలో నేను చదివిన నేలలన్నీ ఇప్పుడు సముద్రం అడుగున ఉన్నాయి.

సముద్రం పైకొచ్చినప్పుడు కోస్తా ఊళ్ళవాళ్ళందరూ ఈ మెరకకు ఎక్కారు. ఎండ ఓర్చుకోలేక ఊరంతటినీ కప్పేలా పెద్ద గొడుగు వేశారు. అందరూ దొరికిన సామాను మోసుకొస్తే, తెట్టుపాలెం అనే ఒక చిన్న ఊరివాళ్ళు మాత్రం తమ పొలాల మట్టి ఎత్తుకొచ్చారట. అది పోసుకోవడానికి దక్షిణపు అంచున కాస్త జాగా ఇచ్చి, వాళ్ళ పేరనే పత్రం రాశారు. అప్పట్లో ఆ జాగా ఎవరికీ అక్కర్లేదు. ఇప్పుడు దాన్ని కొని పార్కు చేస్తే ఎలా ఉంటుందన్నది చర్చ. బదులుగా తెట్టుపాలెం వాళ్ళకు ఉత్తరం వైపు చల్లని గదులు ఇస్తారు. వాళ్ళిప్పుడు ఉంటున్నది గొడుగు అంచున. అక్కడ వేడి లోపలికి దిగుతుంది. ప్రతి వేసవిలోనూ అక్కడి ముసలివాళ్ళు కొందరు పోతుంటారు.

కొనాలని అందరికీ ఉంది. పేచీ మట్టి దగ్గర వచ్చింది. పనుల విభాగం చూసే చక్రపాణి గారు అన్నదేమిటంటే, ఆ నేల చచ్చిపోయింది, ఏళ్ళుగా గడ్డిపోచ మొలవలేదు, దాన్ని గీకి గొడుగు బయట పారబోసి ఫ్యాక్టరీ మట్టి నింపాలి. అధ్యక్షురాలు దమయంతి గారు వెంటనే ఒప్పుకోలేదు. నా వైపు తిరిగి, "శశిరేఖా, నువ్వు చూసి చెప్పు. అది బతుకుతుందంటే ఉంచుదాం, నీళ్ళెన్ని కావాలన్నా నగరాన్ని అడుగుదాం. బతకదంటే చక్రపాణి గారన్నట్టే" అన్నారు.

ఒక నేల బతుకుతుందా లేదా అని ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. సంతోషం కలగాలి కదా. భయమేసింది. ఇంటికొచ్చి మట్టి తీసే గొట్టం వెతికి తుడిచాను.

నమోదు 312. మంగళవారం

తెట్టుపాలెం వాళ్ళ జాగా చూశాను. చుట్టూ మోకాలెత్తు గట్టు. గట్టు దగ్గర చెప్పులు విప్పమన్నారు. నేల మీద తెల్లటి పెచ్చు, కాలు పెడితే అప్పడంలా విరిగింది. ఒక్క మొక్క లేదు.

వాళ్ళ పెద్ద నూకరత్నం గారు. డెబ్బై దాటి ఉంటాయి. మెడ నిటారుగా, మాట కొంచెం గట్టిగా. ఆమె వేలిముద్ర లేనిదే అమ్మకం జరగదు. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మట్టి మేడమ్ గారంటే మీరేనా అండి? ఎవరో బండలాంటి మనిషొత్తారనుకున్నాను. పీచుమిఠాయిలా ఉన్నారు, మా మట్టి తవ్వగలరా అసలు?"

పక్కనున్న ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నేనూ నవ్వేశాను.

అమ్మడానికి ఆమెకు అభ్యంతరం లేదు. తమవాళ్ళు ఎండకు రాలిపోతున్నారు, గదులు కావాలి. పిల్లలు వచ్చి నడుస్తామంటే నడవనివ్వండి, మట్టి ఉన్నది తొక్కడానికే కదా అంది. కానీ మట్టి ఇక్కడి నుంచి కదలకూడదు. ఆ ఒక్క మాట మూడు రకాలుగా చెప్పింది.

ప్రతి ఏడూ తొలకరి రోజుల్లో అలవాటు కొద్దీ వడ్లు చల్లుతారట. మొలవవు. నేల అలిగింది అనుకుంటారు. ఊరు విడిచొచ్చిన బెంగ మనుషులకే తీరకపోతే నేలకు తీరుతుందా అని.

మాటల్లో దింపుడు గురించి చెప్పింది. ఊరు మునిగిన రోజు వచ్చినప్పుడల్లా ఇంటికొకరు ఉప్పుబండి ఎక్కి సముద్రం ఒడ్డుకు వెళ్తారు. సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే ఫ్యాక్టరీ నుంచి ఉప్పు మోసే బండి అది. చిన్న బిందె నిండా సముద్రపు నీళ్ళు తెచ్చుకుంటారు. ఈ గట్టు లోపల బిందె దింపి, దాని మూతి దగ్గర నోరు పెట్టి, పోయినవాళ్ళ పేరు మూడుసార్లు పిలుస్తారు. ఆ తర్వాత నీళ్ళు మట్టిలో పోస్తారు.

ఎందుకలా అని అడగడం నా తప్పేమో. ఆమె విసుక్కోలేదు.

"శవం ఉంటే దారిలో పాడె దింపి చెవిలో పిలుత్తాం. లేచొత్తాడేమోనని ఆశ. మావోళ్ళు దొరకలేదు కదండీ. చెవేదని పిలవమంటారు? వాళ్ళు ఆ నీళ్ళల్లోనే ఉన్నారు. తెచ్చి ఊళ్ళో దింపుతున్నాం, అంతే."

ఆమె తెచ్చేది మంగను. కూతురు. పడవ ఎక్కేటప్పుడు చెయ్యి జారింది. అప్పటికి ఆ పిల్లది ఇప్పటి కుసుమ వయసే.

నమోదు 314. గురువారం

గొట్టం దింపి మట్టి తీశాను. ల్యాబులో పొడుగ్గా పరిచి చూస్తే నాకు మొదట అర్థం కాలేదు. గొట్టం తలకిందులుగా పెట్టానేమో అనుకుని మళ్ళీ వెళ్ళి మరోచోట తీశాను. ఇంకోచోట తీశాను. అంతటా అదే.

సముద్రం పక్క నేల గనక ఉప్పు అడుగునే ఉండాలి. లేదు. అడుగున మంచి నల్లమట్టి. వరి పండిన మట్టి, పుల్లటి తీపి వాసన. ఉప్పంతా పైన ఉంది. పైనుంచి పొరలు పొరలుగా కిందికి దిగుతోంది, ఏడాదికొక పొర.

అడుగు మట్టి పిడికెడు సాసరులో వేసి పెసలు గుచ్చాను. ఇంత పెద్ద విషయం ల్యాబు యంత్రం చెబితే నమ్మబుద్ధి కాలేదు.

నమోదు 316. శనివారం

పెసలు మొలిచాయి.

కుసుమ సాసరు చుట్టూ తిరిగింది. ముట్టుకోవచ్చా అంది. వేలితో కాదట, కాలితో. బొటనవేలు మట్టిలో పెట్టి వెంటనే తీసేసింది. గిలిగింతలుగా ఉందంది. మళ్ళీ పెట్టింది.

అప్పుడే నా అనుమానం మొదలైంది, మట్టి మీద కాదు, నా మీద. నేల బతుకుతుందని చెప్పాలని నాకు ఎందుకింత ఆత్రం? నిజం గనకనా, నా పిల్ల కాళ్ళకు మట్టి కావాలి గనకనా? ఫ్యాక్టరీ మట్టి పోసినా కుసుమ నడుస్తుంది. ఆ లెక్కన నా స్వార్థానికి ఈ నేల ఉన్నా పోయినా ఒకటే. అయినా మనసు ఒప్పుకోవడం లేదు. ఒప్పుకోకపోవడం కూడా ఒక రకం స్వార్థమేనేమో. చదువుకున్న నేలల్లో ఒక్కటి కళ్ళముందు బతికి ఉండాలన్న కోరిక.

మా ఆయన మోహన్ గొడుగు మరమ్మతుల్లో పనిచేస్తాడు. చెబితే విని, మరి కడిగితే పోతుంది కదా, ఏడుపెందుకు అన్నాడు. కడిగితే పోతుంది, నిజమే. మంచినీళ్ళు పోసి, అడుగున పైపులు వేసి, ఉప్పు నీళ్ళు లాగేస్తే ఏడాదిలో నేల తేరుకుంటుంది. కానీ మళ్ళీ ఉప్పు పడకూడదు. అంటే దింపుడు ఆగిపోవాలి. ఎందుకు ఆపాలో చెప్పాలంటే, మీ నేలను చంపింది మీరే అని చెప్పాలి. పోయినవాళ్ళను తెచ్చి తెచ్చి, మిగిలిన ఊరిని కూడా వాళ్ళ పక్కనే పడుకోబెట్టారని చెప్పాలి.

సాయంత్రం చక్రపాణి గారు దారిలో కలిశారు. మంచిమనిషే. ఆయన మనవడు కూడా కుసుమ బళ్ళోనే. "చచ్చిపోయిందని రాసెయ్యమ్మా. వాళ్ళకు గదులొస్తాయి, మన పిల్లలకు పార్కొస్తుంది. ఎవరికి నష్టం?" అన్నారు. చూస్తానని చెప్పి ఇంటిదారి పట్టాను. 

నమోదు 318. సోమవారం

నూకరత్నం గారికి చెప్పాను.

ఇంట్లో చెబుదామనుకున్నాను. ఆమె గట్టు మీదే కూర్చుని ఉంది, ఇక్కడే చెప్పండి అంది. గొట్టంలోంచి తీసిన మట్టిని కాగితం మీద పరిచి చూపించాను. ఇది అడుగుది, ఇది పైది. ఆమె అడుగు మట్టిని చిటికెడు తీసి నలిపి, వాసన చూసింది. ముఖం మారిపోయింది. "ఇది మాదే. ఇది మాదే అమ్మాయ్" అంది. అప్పటిదాకా ఉన్న మేడమ్ గారన్న పిలుపు ఆ ఒక్క వాసనకు పోయింది.

పై మట్టి నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది.

ఉప్పు ఎక్కడి నుంచి వచ్చిందో నేను చెప్పలేక మట్టి వైపే చూస్తున్నాను. ఆమెకే తట్టింది, మొదట వాదించింది. బిందెడు నీళ్ళకే నేల చస్తుందా అని. మా ఊళ్ళో పోటుకు సముద్రం పొలాల్లోకి వచ్చేది, వరి మునిగేది, అయినా మరుసటేడు పండేది. తొలకరి పడితే ఉప్పు ఎటుపోయేదో కూడా తెలిసేది కాదు.

"వాన పడితే..." అని ఆగిపోయింది.

తల పైకెత్తి చూసింది. పైన గొడుగు, చినుకు రానివ్వని గొడుగు.  నేను ఒక్క మాట కూడా చెప్పనక్కర్లేకపోయింది.

కిందికి చూశాక ఆమె అడిగింది ఒక్కటే, ఈ సంగతి ఇంకెవరికి తెలుసు అని. మా ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదన్నాను.

"అయితే చచ్చిందనే రాసెయ్. గీకి పారబోసుకోనీ."

 ఇంతమంచి మట్టి పెద్దమ్మా, ఏడాది ఆగితే చాలు అంటూ ఏదో అన్నాను. ఆమె నా చేతిమీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి నన్ను ఓదార్చడానికి కాదు, ఆపడానికి.

"ఇను. పట్నపోళ్ళు మా మట్టి పారబోశారంటే మావోళ్ళు ఏడుత్తారు, తిడతారు, తింటారు, పడుకుంటారు. ఈ చేతుల్తో మనమే సంపుకున్నాం అని తెలిత్తే పడుకోలేరే అమ్మాయ్. నేనీ పూట నుంచి పడుకోను, సూడు. నేనొక్కదాన్ని చాలు."

నమోదు 319. మంగళవారం

ఏ పనీ ముట్టుకోలేదు. నివేదిక ఖాళీగా ఉంది.

చెప్పడమే తప్పా? చెప్పకుండా రాసి ఉంటే ఆమె నిద్రపోయేది. మరి ఆమెను అడగకుండా ఆమె మట్టి సంగతి తేల్చడానికి నేనెవరిని? రెండూ నిజమే. రెండూ నిజమైనప్పుడు ఏం చెయ్యాలో ఏ చదువులోనూ చెప్పలేదు.

నమోదు 321. గురువారం

మళ్ళీ వెళ్ళాను. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ గట్టు దగ్గర చెదిరిపోయాయి. చివరికి మొరటుగా చెప్పేశాను. నేల బతుకుతుందని రాస్తాను. కడగాలని రాస్తాను. కడుగుతున్నంత కాలం, ఆ తర్వాతా, వేరే నీళ్ళు అందులో పడకూడదన్నది కౌన్సిల్ రూలు అవుతుంది. దింపుడు ఆపించింది నగరం అవుతుంది, మట్టి మేడమ్ అవుతుంది. ఎందుకని ఎవరైనా అడిగితే రూలు అంటాం. మీవాళ్ళ కోపం నా మీద పడనివ్వండి.

ఆమె గట్టు మీది పెచ్చు గోటితో గీరింది.

"నేనూ నిన్ను తిట్టాలి మరి. తిట్టకపోతే మావోళ్ళకి అనుమానమొచ్చుద్ది."

తిట్టండి అన్నాను.

"నా తిట్లు మామూలుగా ఉండవే. మా ఆయన బతికున్నప్పుడు నేను నోరిప్పితే సాలు, పడవేసుకుని వేటకెళ్ళిపోయేవోడు."

నవ్వాను. నన్నెంతైనా తిట్టండి, మా పిల్లను మాత్రం ఏమీ అనకండి అన్నాను. పిల్లల జోలికి నేనెందుకు పోతాను అంది. వచ్చేటప్పుడు లేచి నిలబడి నా తల నిమిరింది. ఆ తర్వాత చేతికి అంటిన మట్టి చూసుకుని, కొంగుతో నా జుట్టు తుడిచింది.

మంగ సంగతి నేనూ ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

నమోదు 325. సోమవారం

కౌన్సిల్ ఓటు వేసింది. కొనాలని నిర్ణయం. మట్టి ఉంటుంది, కడుగుతారు. నీళ్ళ కోసం అన్ని అంతస్తుల వంతుల్లోనూ కోత పడుతుంది. ఆ కోతకు చేతులెత్తని వాళ్ళు కొందరున్నారు. చక్రపాణి గారు ఎత్తారు. అది నేను ఊహించలేదు. కుసుమ బడికి పట్టుకెళ్ళిన పెసర మొలకలు చూసొచ్చి మనవడు ఇంట్లో ప్రాణం తీస్తున్నాడట.

నివేదికలో ఉప్పు ఎలా వచ్చిందో రాయలేదు. ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పాల్సి వస్తుందేమోనని కాగితాలు తిరగేస్తూ కూర్చున్నాను. ఎవరూ అడగలేదు. సముద్రం ఒడ్డు మట్టి, ఉప్పగా కాక ఎలా ఉంటుందని అందరూ అనుకున్నారు. నేను దిద్దలేదు.

ఆ మట్టిలో వేరే నీళ్ళు పొయ్యకూడదన్న షరతు చదివినప్పుడు గ్యాలరీలో తెట్టుపాలెం వాళ్ళు లేచారు. గంగరాజు అనే అతను, నూకరత్నం గారి ఆడపడుచు కొడుకు, కిందికి వంగి నన్ను అడిగాడు, ఏడాదికోసారి మా అమ్మను మా ఊళ్ళో దింపుకోవడానికి మీ కడుపెందుకు మండుతోందని. దమయంతి గారు కూర్చోమన్నారు. కూర్చోలేదు. పార్కులో ఎవరి పిల్లలు నడవడానికో మా పెద్దలు బయట నిలబడాలా అన్నాడు. 

నూకరత్నం గారు వచ్చి వేలిముద్ర వేసింది. మనవాళ్ళను ఇంకో వేసవికి ఎండలో పెట్టలేను, ఈ షరతు కాదంటే మట్టే పారబోస్తారట అని తనవాళ్ళకు చెప్పింది. నా వైపు చూడలేదు. చూడకూడదనే అనుకున్నాం. అయినా బాధేసింది.

నమోదు 336. శుక్రవారం

పైపులు వేశారు. మొదటి కడుగు నీళ్ళు వదిలారు. మట్టి తాగుతున్న చప్పుడు విన్నాను, చిన్నగా, చంటిపిల్ల గుటకల్లా. అడుగు పైపు నుంచి వచ్చిన నీళ్ళు ఉప్పు కషాయం.

మోహన్ చెప్పాడు, మా అంతస్తులో నన్ను చాటుగా ఏమంటున్నారో. నీళ్ళ వంతు తగ్గింది మరి. గిన్నెలు ఇప్పుడు బూడిదతో తోమి పొడిగుడ్డతో తుడుస్తున్నాం.

తెట్టుపాలెం కుటుంబాలు ఉత్తరపు గదుల్లోకి మారాయి. సామాను మోసే బండ్ల పక్కనుంచి నేను వెళ్తుంటే ఒకావిడ నేల మీద ఉమ్మింది. అంటే, పలక మీద.

నమోదు 344. శనివారం

ఇవాళ దింపుడు రోజు.

గట్టు చుట్టూ కొత్తగా వేసిన కంచె గేటు దగ్గర నేనే నిలబడ్డాను. కాపలావాళ్ళను పెడతానని దమయంతి గారు అన్నారు, వద్దన్నాను. ఉప్పుబండి దిగి వాళ్ళు వరసగా వచ్చారు. ఉతికిన బట్టలు, తడి జుట్టు, చంకల్లో బిందెలు. రూలు తెలిసే వచ్చారు. తెచ్చుకుంటే తిప్పి పంపగలరా అని చూద్దామనుకున్నారేమో. మనిషి లోపల అంత ఆశ ఎప్పుడూ ఉంటుంది.

గేటు తియ్యనన్నాను. మాట గట్టిగా రాలేదు. రెండోసారి అన్నాను.

నూకరత్నం గారు ముందుకొచ్చింది. బిందె కింద పెట్టి, కొంగు నడుముకు దోపుకుని మొదలుపెట్టింది. మా నోట్లో మట్టి కొట్టినదానా అంది. మట్టి పేరు చెప్పి బతుకుతూ మట్టి విలువ తెలియనిదానా అంది. నా చదువును తిట్టింది, నా ఉద్యోగాన్ని తిట్టింది, నా చెప్పులను కూడా తిట్టింది. వెనకున్న ముసలివాళ్ళు ఏడుస్తూనే ఔనౌనన్నారు. గంగరాజు గేటు మీద చేతులు వేసినవాడు, ఆమె గొంతు వింటూ నెమ్మదిగా వదిలేశాడు. అతని తిట్లన్నీ ఆమే తిట్టేస్తోంది. ఆమె ఎంత తెలివిగా వాళ్ళ బరువు దింపుతోందో నాకు కనిపిస్తూనే ఉంది. తల వంచుకుని నిలబడ్డాను, మేమనుకున్నట్టే.

అప్పుడు అనుకోని మాట ఒకటి అంది.

"నీ కడుపున పుట్టింది నీ గుమ్మం దగ్గరికొచ్చి నిలబడితే, లోపలికి రానీకుండా నీకూ ఎవరో ఒకరు అడ్డం నిలబడాలే. అప్పుడు తెలుసుద్ది."

గొంతు పెంచి అనలేదు. తిట్టులా లేదు. నేను తలెత్తి చూశాను. ఆమె కళ్ళల్లో నటన ఎక్కడ ఆగిందో వెతికాను. దొరకలేదు. మొదటి నుంచీ నటనే లేదేమో. మట్టిని చంపింది తామేనని తెలిసినా, నన్ను క్షమించాలని ఎక్కడుంది?

 ఒక ముసలాయన బిందెను గేటు ముందు పలక మీద దింపాడు. మూతి దగ్గర వంగి పేరు పిలిచాడు. అది చూసి అందరూ దింపారు. పేర్లు ఒకదాని మీద ఒకటి పడి, ఏది ఎవరిదో తెలియలేదు. పిలవడం అయ్యాక పోయడానికి చోటు లేదు. పలక తాగదు. ఒకామె పొయ్యబోయింది, నీళ్ళు కాలవ వైపు పరుగెత్తడం చూసి అరిచినంత పనిచేసి బిందె నిలబెట్టేసింది. మిగిలినవాళ్ళు బిందెలు ఎత్తుకున్నారు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

నూకరత్నం గారు చివరిదాకా ఉంది. తనవాళ్ళు మలుపు తిరిగాక గేటు దగ్గరికొచ్చింది. క్షమించమంటుందేమో, నేనే అడగాలేమో అని ఇద్దరిలో ఎవరు ముందన్నట్టు నేను తడబడుతుంటే, ఆమె అవేవీ వినే స్థితిలో లేదు. బిందెలోకి చూస్తోంది.

"ఏటా తెచ్చి ఊళ్ళో దింపి ఎల్లిపోయేదాన్ని. గది సిన్నదమ్మాయ్. ఇప్పుడు దీన్ని ఎక్కడ పెట్టుకోను?"

జవాబు కోసం నిజంగానే ఆగింది. నాకు తెలుస్తుందని అనుకున్నట్టుంది, ఇంత తెలిసినదాన్ని కదా. గేటు వెనక కడుగు నీళ్ళు పైపులో పారుతున్నాయి. 

ఆమె బిందెను చంకనెత్తుకుంది. ఉత్తరపు గదులకు చాలా దూరం, దారిలో పలకలు అక్కడక్కడా లేచి ఉన్నాయి. నీళ్ళు తొణక్కుండా బిందె మూతి మీద అరచెయ్యి మూసి, అడుగు చూసుకుంటూ నడిచింది.